ఎవ్రీవన్ అనే ఆసామీ

పర్మిషన్ అనే మాట వింటేనే నాకు చిర్రెత్తుకొస్తుంది. మీకూ రావాలి. సినిమాకు వెళ్లాలంటే పర్మిషను, పుట్టింటికి వెళ్లాలంటే పర్మిషను, మన చీటీపాట డబ్బులతో మనం నాలుగు గాజులు కొనుక్కోవాలన్నా పర్మిషను. ఏదో ఈ వయసుకి ఒకటి రెండు విషయాల్లో అడగడం మానేశాం కదా అని ఊపిరి పీల్చుకుంటుంటే, ఇంట్లోకొచ్చిన కంప్యూటరు కూడా మొదలుపెట్టింది. 'ఈ ఫైలు మార్చడానికి మీకు పర్మిషన్ లేదు' అని మొహం మీదే చెబుతుంది. అత్తగారైనా కాస్త తిప్పి చెప్పేది!

అలాంటి నేను ఇవాళ పర్మిషన్ల తరఫున వకాల్తా పుచ్చుకుని రాస్తున్నానంటే దానికి కారణం మా వదిన ఇంట్లో జరిగిన గొడవ. నా తగాదా కంప్యూటరుతో కాదు. దానిలో కాపురం పెట్టించిన 'ఎవ్రీవన్' అనే ఆసామీతో. ఆ ఆసామీని పిలిచి పీట వేసి కూర్చోబెట్టిన మన వాళ్లతో.

మా వదిన, అంటే మావారి అక్కగారు, ధర్మవరంలో ఉంటుంది. మగ్గాల ఇల్లు. పట్టు, జరీ నేతగాళ్లకిచ్చి చీర నేయించి తీసుకునే షావుకార్లు. ఎవరికెంత పట్టు తూచి ఇచ్చిందీ, ఎన్ని చీరలు వచ్చిందీ, ఏ రకానికి ఎంత మజూరీ ఇవ్వాలో లెక్కంతా ముప్పై ఏళ్లు వదిన చేతి రాతలోనే నడిచింది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చి పట్టుచీర మీద 5 శాతం వేసినప్పటి నుంచీ పుస్తకం చాలక కంప్యూటరు కొన్నారు. బిల్లుల ప్రోగ్రాము హిందూపురంలో ఒక షాపువాళ్లు అమ్మారు. షాపు పేరు చెప్పను. నేనుండేదీ ఆ ఊళ్లోనే, రేపు చింతపండుకు వెళ్లినా వాళ్ల గుమ్మం ముందు నుంచే వెళ్లాలి.

వదినకో లాగిన్, కోడలికో లాగిన్. కోడలు బి.కాం. చదివిన పిల్ల, చురుకైంది. అప్పటికి అంతా నిక్షేపంగానే ఉంది.

మొన్నామధ్య దసరాకు ముందు పెద్దంచు చీర నేసేవాళ్లకు చీరకు మూడు వందలు మజూరీ పెంచుదామని ఇంట్లో అనుకున్నారు. కోడలు కంప్యూటరు ముందు కూర్చుని రేటు మార్చింది. శనివారం చీటీలు తీసింది మాత్రం వదిన, తన లాగిన్‌లో. మంగళవారం ఒక నేతగత్తె వచ్చి గుమ్మంలో నిలబడింది. 'ఏందక్కా ఇది, చెప్పిందొకటి, ఇచ్చిందొకటి' అనింది. అంతకంటే ఎక్కువేమీ అనలేదు. కానీ నలుగురూ విన్నారు. ముప్పై ఏళ్లలో మా వదిన ఆ మాట పడలేదు.

ఇంకేముంది! 'నువ్వు మార్చలేదు' అని అత్త, 'మార్చానత్తా, కావాలంటే చూడండి' అని కోడలు. కోడలు తన లాగిన్‌లో తెరిచి చూపించింది. కొత్త రేటే ఉంది. వదిన తన లాగిన్‌లో తెరిచింది. పాత రేటే ఉంది. 'నేను చూసేటప్పుడు ఒకటీ, నువ్వు చూసేటప్పుడు ఒకటీ ఎట్ల ఉంటుంది? నా వెనకాల మారుస్తున్నావా?' అనింది వదిన. ఆ పిల్ల రాత్రికి అన్నం తినలేదట. నాకు ఫోన్ చేసి, 'అత్తా, నేను అబద్ధం చెప్పలేదు' అని ఏడ్చింది. ఆ మాటకొస్తే వదినా చెప్పలేదు. అబద్ధం ఎక్కడో ఉంది గాని, ఇద్దరి నోటా లేదు.

హిందూపురం షాపు నుంచి కుర్రాడొచ్చాడు. వస్తూనే 'ఒకే ఇంట్లో రెండు లాగిన్లు ఎందుకమ్మా' అన్నాడు. ఎలుకను రెండుసార్లు నొక్కి, ప్రోగ్రామున్న ఫోల్డరు మీద సెక్యూరిటీ అనే పేజీ తెరిచి, అందులో 'ఎవ్రీవన్' అని పేరు చేర్చి, దాని ఎదురుగా 'ఫుల్ కంట్రోల్' అనేచోట టిక్కు పెట్టాడు. ప్రోగ్రాము ఎప్పుడూ అడ్మినిస్ట్రేటరు హోదాలోనే తెరుచుకునేట్టు ఇంకో టిక్కు. 'ఇకమీద అందరూ పెద్దమ్మ లాగిన్‌లోనే చేసుకోండి, పాస్‌వర్డ్ తీసేశాను, యస్సా నోవా అని అడిగితే యస్ నొక్కెయ్యండి' అని ఐదు వందలు పుచ్చుకుని వెళ్లిపోయాడు. అందరూ సంతోషించారు. నేను కూడా. ఒక కుటుంబంలో దాపరికాలెందుకని నేనే అన్నాను. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

ఇక్కడ కాస్త ఆగి ఆ ఫైలేమిటో చెప్పాలి. కంప్యూటరులో చాలా ప్రోగ్రాములకు ఒక చీటీ ఉంటుంది. ప్రోగ్రామంటే వంటమనిషి అనుకోండి. వంట ఎలా చేయాలో ఆవిడకు తెలుసు. కానీ ఈ ఇంట్లో ఉప్పు తక్కువ, తాతగారికి కారం పనికిరాదు, సోమవారం ఉల్లి వేయరు అన్న సంగతులు అలమర తలుపు లోపల అతికించిన చీటీలో ఉంటాయి. వంటమనిషి దాన్ని చూసే వండుతుంది. దాన్నే కాన్ఫిగరేషన్ ఫైలంటారు. వదిన ఇంట్లో మజూరీ రేట్లు, జీఎస్టీ శాతం, షాపు అడ్రసు, ప్రింటరు పేరు అన్నీ ఆ చీటీలోనే ఉన్నాయి. మరి ఆ చీటీ ఎవరు చదవొచ్చు? ఎవరు దిద్దొచ్చు? పర్మిషనంటే అంతే, ఇంకేమీ లేదు. ఇల్లు నడిపే ఏ ఆడదానికైనా ఇది పుట్టుకతో తెలిసిన విద్య. ఊరగాయ జాడీని అందరూ చూడొచ్చు, విస్తట్లో వేయించుకోవచ్చు. తడి చెయ్యి పెట్టడానికి మాత్రం ఎవరికీ పర్మిషన్ లేదు. దీన్ని మనం నిరంకుశత్వం అనం కదా!

రెండు నెలలు గడిచాయి. సంక్రాంతి ముందు లెక్క చూసుకుంటే ఒక రకం చీర మజూరీ యాభై రూపాయలు తక్కువ పడుతోంది. ఎవరు తగ్గించారు? వదిన కాదంది. కోడలు కాదంది. మనవడు, పదకొండేళ్లవాడు, బొమ్మలాటల కోసం రోజూ ఆ కంప్యూటరు మీదే ఉంటాడు. వాడూ కాదన్నాడు. జరీ ఏజెంటు పెన్‌డ్రైవు పెట్టి ఏదో కాగితం ప్రింటు తీసుకున్నాడు. ఇన్ని చేతులు పడ్డ చోట నింద ఎవరి మీద పడుతుందో మీకు చెప్పక్కర్లేదు. అందరికంటే తక్కువ జీతం ఎవరిదో వాళ్ల మీద. గుమాస్తా పిల్లవాడి మీద. ఎవరూ గట్టిగా అనలేదు, అనుమానంగా చూశారంతే. చూసిన వారానికి వాడు మానేశాడు.

ఎవరు మార్చారో ఇప్పటికీ తెలియదు. తెలిసే వీలు లేకుండా మనమే చేసుకున్నాం. అందరూ ఒకే పేరుతో కూర్చుని, 'ఎవ్రీవన్'కు సర్వాధికారాలూ ఇచ్చాక, ఆ చీటీ దిద్దింది ఎవరయ్యా అంటే 'ఎవ్రీవన్' అనే జవాబు. ఆ ఆసామీని నిలదీయాలంటే వాడు ఎక్కడుంటాడు?

పెనుకొండలో మా పిన్ని కూతురు పిల్లలకు కంప్యూటరు పాఠాలు చెబుతుంది. దాన్ని వెంటబెట్టుకుని ధర్మవరం రైలెక్కాను. అది వెళ్లి కూర్చుని పావుగంట ఎక్కడెక్కడో వెతికి, 'అక్కా, ఇది ఒక ఫైలు కాదే, మూడున్నాయి' అంది.

చూడండి మరి, జరిగిందేమిటో. ఇళ్లల్లోకి వచ్చిన విండోస్ 95, 98లలో ఫైళ్లకు ఇలాంటి కాపలా ఉండేది కాదు. ఎవరు కూర్చుంటే వాళ్లదే రాజ్యం. 2001లో ఎక్స్‌పీ వచ్చింది. అందులో కాపలా ఉంది గాని, ఇంట్లో మొదట పెట్టుకునే లాగిన్లన్నీ మామూలుగా పెద్ద యజమాని హోదాతోనే తయారయ్యేవి. ఆ రోజుల్లో ప్రోగ్రాములు రాసినవాళ్లకు ఒక దురలవాటు అబ్బింది. ప్రోగ్రామ్ ఫైల్స్ అనే ఫోల్డరు సరుకు దించుకునే గోదాము. రోజువారీ రాతకోతలు అక్కడ చేయకూడదు. వీళ్లు అక్కడే చేసేవాళ్లు. 2007 జనవరిలో విస్టా వచ్చి, గోదాములో రాయాలంటే అడ్మినిస్ట్రేటరు ఒప్పుకోవాలంది. అలా ఒక్కసారిగా ఆపేస్తే పాత ప్రోగ్రాములన్నీ మూలపడతాయి కాబట్టి వాటికోసం ఒక ఏర్పాటు పెట్టారు. అలాంటి ప్రోగ్రాము గోదాములో రాయబోతే, ఎర్రర్ చూపించకుండా, ఆ రాతను లాగిన్ అయిన మనిషి సొంత ఫోల్డరులోకి, 'వర్చువల్ స్టోర్' అనే చోటికి మళ్లిస్తుంది. తర్వాత ఆ మనిషి తెరిచినప్పుడు ఆ నకలే చూపిస్తుంది. ఇది తాత్కాలికం, మీ ప్రోగ్రాములు సరిదిద్దుకోండి అని రాసేవాళ్లకు అప్పుడే చెప్పారు. చెప్పినా వినని పాత ప్రోగ్రాముల పుణ్యమా అని ఆ ఏర్పాటు ఇంకా ఉంది.

ఇప్పుడు అర్థమైందా? కోడలు మార్చిన రేటు కోడలి నకలులో పడింది. వదిన ఎప్పుడో ప్రింటరు పేరు మార్చినప్పుడు ఆవిడకూ ఒక నకలు పుట్టింది. అసలు చీటీ ఏమో షాపువాళ్లు పెట్టిన నాటి నుంచీ గోదాములో అలాగే ఉంది. ఇద్దరూ నిజమే చెప్పారు. ఇద్దరి ముందూ రెండు చీటీలున్నాయి, ఒక్కటే అనుకుని కొట్లాడుకున్నారు.

మా చెల్లెలు ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచింది. అందులో ఇంకో చిత్రం. ప్రోగ్రాము బెంగుళూరు షాపులకు బిల్లులు ఈమెయిల్ చేస్తుంది కదా, ఆ ఈమెయిల్ పాస్‌వర్డ్ అక్షరం అక్షరం అందులోనే ఉంది. మనవడి పేరు, వాడు పుట్టిన సంవత్సరం. బీరువాకు తాళం వేసి, తాళంచెవి గుమ్మానికి వేలాడదీసినట్టు. అది కూడా 'ఎవ్రీవన్' చదువుకునేట్టు.

'మా పిల్లలకు లైనక్స్ నేర్పుతాను గదా, అందులో ఇది మూడంకెల లెక్క' అంది చెల్లెలు. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. మొదటి అంకె సొంతదారుకు, రెండోది ఆ బృందానికి, మూడోది మిగతా ప్రపంచానికి. 644 అంటే యజమాని దిద్దొచ్చు, మిగతావాళ్లు చదవొచ్చు. 600 అంటే యజమాని తప్ప ఇంకెవరూ కన్నెత్తి చూడకూడదు. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలుపెట్టిన యూనిక్స్ నుంచి వచ్చిన పద్ధతి ఇది. అక్కడా మన హిందూపురం కుర్రాడి అన్నదమ్ములున్నారట. ఏది పనిచేయకపోయినా 777 కొట్టేస్తారట. అంటే ముగ్గురికీ మూడు హక్కులూ. ఎస్.ఎస్.హెచ్. అనే ప్రోగ్రాము మాత్రం తన రహస్య తాళంచెవి ఫైలు ఇంకొకరు చదివేట్టుగా ఉంటే, 'ముందు దాన్ని మూసి రా, తర్వాత మాట్లాడదాం' అని పనిచేయడానికే ఒప్పుకోదట. ఆ ప్రోగ్రాము రాసినవాళ్లకు మంచి అమ్మమ్మ ఉండి ఉంటుందనిపించింది నాకు.

నేను పెనుకొండలో పుట్టినదాన్ని. 1565లో తళ్లికోట యుద్ధం పోయాక విజయనగర రాజులు తరలి వచ్చి కొలువు తీరిన ఊరు. ఇప్పుడు ఆ కోటలోకి ఎవరైనా నడిచి వెళ్లొచ్చు, గగన మహలు చూసి రావొచ్చు. రాజులున్న రోజుల్లో కోట ఇంత బార్లా తెరిచి ఉండేదా? తలుపులు పూర్తిగా తీసి పెట్టడమంటే అక్కడ కాపాడుకోవాల్సిందేమీ మిగలలేదని. వదిన కంప్యూటరులో ఇంకా ముప్పై ఏళ్ల మాట మిగిలి ఉంది.

పైగా ఆ కుర్రాడు ఒక్క చీటీకి కాదు, ఫోల్డరు మొత్తానికి తలుపులు తీశాడు. చీటీతో బాటు వంటమనిషిని కూడా ఎవరైనా మార్చేయొచ్చు! ఏ పెన్‌డ్రైవులో వచ్చిన పాడు ప్రోగ్రామైనా అసలు ప్రోగ్రాము స్థానంలో తాను కూర్చోవచ్చు. మనమేమో రోజూ పొద్దున్నే దానికి అడ్మినిస్ట్రేటరు హోదా ఇచ్చి, యస్ నొక్కి, లోపలికి ఆహ్వానిస్తాం.

'అయితే అన్నీ మూసేసి తాళంచెవి ఇంటాయన జేబులో పెట్టమంటావా?' అని మీరడుగుతారు. అడగాలి కూడా. ఎందుకంటే అదీ జరుగుతోంది, మా ఇంట్లోనే. అడ్మినిస్ట్రేటరు పాస్‌వర్డ్ మావారి జేబు డైరీలో ఉంటుంది. డైరీ ఆయనతో ఊళ్లు తిరుగుతుంది. కరెంటు బిల్లు కాగితం ప్రింటు తీయాలంటే ప్రింటరు కలవదు, కలపాలంటే పాస్‌వర్డ్ కావాలి, ఆయనేమో పెళ్లికని తిరుపతిలో ఉంటారు. ఫోన్ చేస్తే 'నేనొచ్చాక చూస్తాలే' అంటారు. అదేమంటే 'నీ మంచికే, ఏదైనా చెడిపోతుంది' అంటారు. ముప్పై ఏళ్లుగా గ్యాస్ బండ మారుస్తున్నాను, ఇల్లేమీ తగలబడలేదు. ఇది కాపలా కాదు, పెత్తనం. హిందూపురం కుర్రాడిదీ మావారిదీ ఒకే బద్ధకమని నా ఆరోపణ. ఎవరి పని ఏదో కూర్చుని ఆలోచించే ఓపిక లేక ఒకరు అందరికీ ఇచ్చేశారు, ఇంకొకరు ఎవరికీ ఇవ్వలేదు.

మా చెల్లెలు చేసింది ఎంతో లేదు. ఫోల్డరు మీద నుంచి 'ఎవ్రీవన్'ను సాగనంపింది. ఆ ఒక్క రేట్ల ఫైలు మీద మాత్రం వదిన పేరు, కోడలి పేరు రాసి ఇద్దరికీ దిద్దే హక్కిచ్చింది. మిగతా వాళ్లు చదవొచ్చు, అంతే. నకళ్లు రెండూ తీసేసింది. అడ్మినిస్ట్రేటరు హోదా తీసేసింది. మనవడికో లాగిన్, గుమాస్తాగా ఎవరొచ్చినా వాళ్లకో లాగిన్, అన్నిటికీ పాస్‌వర్డ్. ఈమెయిల్ పాస్‌వర్డ్ మార్పించి, ఆ ఫైలులోంచి తీయించి, బిల్లులు చేత్తోనే పంపించమంది. అరగంట పని. 'అయినా ఇది అతుకే అక్కా' అంది. ఇంటందరి రేట్లకు ప్రోగ్రామ్ డేటా అని వేరే చోటుంది, మనిషి మనిషికీ మారే అక్షరాల సైజు, రంగుల్లాంటి వాటికి ఎవరి సొంత ఫోల్డరు వాళ్లకుంది. అక్కడ పెట్టవలసింది ప్రోగ్రాము రాసినవాళ్లు. ప్రోగ్రామ్ డేటాలో కూడా ఒకరు సృష్టించిన ఫైలును మామూలుగా ఇంకొకరు దిద్దలేరు కాబట్టి, ఎవరు దిద్దాలో స్థాపించేటప్పుడే అడిగి పెట్టాలి. అడగాలి! అడిగితే మనం చెప్పలేమా?

వదిన తెర మీద ఆ జాబితా చూసి కళ్లద్దాలు సర్దుకుని, 'కోడలి పేరు పైన ఎందుకుండాది?' అనడిగింది. ఆ సమస్యకు మా చెల్లెలి దగ్గర కూడా మందు లేదు.

హిందూపురం తిరిగి వచ్చాక ఆ షాపుకు నేనే వెళ్లాను. 'ఇన్నేళ్లలో ఎవరూ కంప్లైంట్ చేయలేదమ్మా, మాకు చాలా మంది కస్టమర్లు' అన్నాడాయన. ఎలా చేస్తారు? అత్త కోడల్ని అనుమానించి ఊరుకుని ఉంటుంది, కోడలు గుమాస్తాను అనుమానించి ఉంటుంది, గుమాస్తా మానేసి ఉంటాడు. కంప్లైంటు ఆయన దాకా ఎందుకొస్తుంది? ఫైలు ఎక్కడ పెడుతున్నారో, ఎవరికి దిద్దే హక్కిస్తున్నారో కాగితం మీద రాసివ్వమన్నాను. కొత్త వెర్షన్‌లో చూస్తామన్నాడు. కొత్త వెర్షన్‌కు వేరే డబ్బులట. మీ ఊళ్లో మీ షాపువాడినీ అడగండి. కుర్రాడు వచ్చి 'ఎవ్రీవన్' అని టైపు చేయబోతే చెయ్యి పట్టుకోండి. ఇంట్లో ఎవరెవరున్నారో పేర్లు చెప్పండి, ఉన్నది నలుగురో ఐదుగురో, టైపు చేయడానికి వాడికేం వేళ్లరిగిపోవు.

నేతగత్తెకు మూడు వందల లెక్కన బాకీ పడిందంతా వదిన స్వయంగా ఇంటికి వెళ్లి ఇచ్చి వచ్చింది. గుమాస్తా పిల్లవాడి ఇంటికీ వెళ్లింది. వాడు రాలేదు. వేరే షావుకారు దగ్గర చేరాడట, అక్కడా కంప్యూటరు పనే. చేరేముందు జీతం సంగతి కూడా ఎత్తకుండా, తన పేరుతో వేరే లాగిన్ ఇస్తేనే కూర్చుంటానన్నాడట.